అద్దంలో కదిలే చెయ్యి: పక్షవాతం తర్వాత ఇంట్లో మిర్రర్ థెరపీ చేయించడం ఎలా

పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ల చేత చేయించే వ్యాయామాల్లో మిర్రర్ థెరపీ చాలా సులువైనది. తప్పుగా చేయడం కూడా అంతే సులువు. కావలసిందల్లా ఒక అద్దం, ఒక బల్ల, రోజుకో అరగంట. ఇంత తేలిగ్గా కనబడుతుంది కాబట్టే మొదటి వారం ఉత్సాహంగా చేస్తారు. రెండో వారానికి "ఏముందండీ ఇందులో, బాగున్న చేతికేగా వ్యాయామం" అనేసి అద్దాన్ని గోడకి ఆనించేస్తారు.

ఆ మాటలో ఒక అపార్థం ఉంది. ఇక్కడ వ్యాయామం చేతికి కాదు, చూపుకి. కదిలేది బాగున్న చెయ్యే. కానీ అద్దంలో అది పడిపోయిన చెయ్యిలా కనబడుతుంది. చూస్తూ చూస్తూ ఉంటే ఆ చెయ్యే కదులుతోందన్న భావన కలుగుతుంది. ఆ భావన ఉన్నంతసేపే అది థెరపీ. లేకపోతే మూడు గంటలు చేసినా బాగున్న చేతికి కసరత్తే. కింద రాసిన ప్రతి జాగ్రత్తా ఆ భావన చెదరకుండా కాపాడటానికే.

పేషెంటు పక్కన కూర్చుని చేయించే మనిషిని ఉద్దేశించి రాస్తున్నాను. మొదటి రెండు మూడు సార్లు మాత్రం ఫిజియోథెరపిస్టు గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే నిపుణులు) గానీ ఎదురుగా ఉండి చేయిస్తే మంచిది. భుజం పరిస్థితి ఏమిటో, చెయ్యి ఎంత బిగుసుకుందో వాళ్లు చూసి చెప్పాకే ఇంట్లో మొదలుపెట్టండి.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది

1990ల్లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో న్యూరో శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఒక వింత సమస్య మీద పనిచేస్తున్నారు. చెయ్యి తీసేసినవాళ్లలో కొందరికి ఆ లేని చెయ్యి ఉన్నట్టే అనిపిస్తుంది. అది పిడికిలి బిగించుకుపోయి నొప్పి పెడుతున్నట్టు కూడా ఉంటుంది. ఆయన వాళ్ల ముందు నిలువుగా ఒక అద్దం పెట్టి, ఉన్న చెయ్యి ప్రతిబింబం లేని చెయ్యి చోట కనబడేలా చేశారు. ఉన్న చెయ్యి తెరిస్తే, లేని పిడికిలీ తెరుచుకున్నట్టు కొందరికి అనిపించింది.

అదే ఉపాయాన్ని పక్షవాతానికి వాడి చూసిన తొలి ప్రయోగం 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎరిక్ ఆల్ట్‌షూలర్, రామచంద్రన్ తదితరులు చేసిన ఆ ప్రయోగంలో ఉన్నది 9 మందే. అందరికీ పక్షవాతం వచ్చి నెలలు గడిచిపోయాయి. నాలుగు వారాలు అద్దంతో, నాలుగు వారాలు అద్దం బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకతో సాధన చేయించారు. అద్దం ఉన్న వారాల్లోనే ఎక్కువ మెరుగుదల కనిపించింది. ఆ తర్వాత పరిశోధనలు చాలా వచ్చాయి. 2018లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 62 అధ్యయనాలను, వాటిలోని 1,982 మంది పేషెంట్ల ఫలితాలను కలిపి పరిశీలించింది. మామూలు చికిత్సకు తోడుగా చేస్తే చేతి కదలికా, రోజువారీ పనులు చేసుకునే శక్తీ మెరుగుపడతాయని తేల్చింది. ఆధారాల నాణ్యతను "మోస్తరు" అని లెక్కగట్టింది. "తోడుగా" అన్న మాట గుర్తుంచుకోండి. మిగతా ఫిజియోథెరపీ మానేసి అద్దం ముందు కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

ఎలా పనిచేస్తుందన్నది క్లుప్తంగా చెప్తాను. పక్షవాతంలో దెబ్బ తగిలింది మెదడుకి, చేతికి కాదు. చెయ్యి ఎక్కడుంది, ఏం చేస్తోంది అన్న విషయంలో కండరాల నుంచి వచ్చే కబురు ఒకటీ, కన్ను చెప్పేది ఒకటీ అయినప్పుడు మెదడు చాలాసార్లు కంటినే నమ్ముతుంది. 2011లో నెదర్లాండ్స్‌లో 40 మందితో ఒక అధ్యయనం జరిగింది. అందరికీ పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఆరు వారాలు ఇంట్లో అద్దంతో సాధన చేశాక కొందరికి మెదడు స్కాన్లు తీసి చూస్తే, చేతిని కదిలించే పనిలో దెబ్బతిన్న వైపు వాటా పెరిగినట్టు కనబడింది. చేతి కదలికా మెరుగుపడింది. అయితే ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ లాభం నిలబడలేదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో "అద్దం తీశాక" అన్న భాగంలో తెలుస్తుంది.

ఎవరికి నప్పుతుంది

పక్షవాతానికి ఉన్న మంచి వ్యాయామాల్లో చాలావాటికి చేతిలో ఎంతో కొంత కదలిక మిగిలి ఉండాలి. బాగున్న చేతికి తొడుగు తొడిగి, పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఒకటుంది. మణికట్టూ వేళ్లూ కాస్తయినా పైకి లేస్తేనే అది కుదురుతుంది. అద్దానికి ఆ షరతు లేదు. వేలు కూడా కదలని చేతితోనే మొదలుపెట్టొచ్చు. నా దృష్టిలో దీని అసలు విలువ అదే. ఇంకేమీ చేయించలేని రోజుల్లో చేయించడానికి ఇది ఉంది.

కావలసినవి వేరే ఉన్నాయి. పేషెంటు కుర్చీలో ఆసరాతో అయినా పది పదిహేను నిమిషాలు నిటారుగా కూర్చోగలగాలి. "పిడికిలి మూయండి, తెరవండి" లాంటి చిన్న మాటలు అర్థం కావాలి. మాట పోయినవాళ్లయినా ఫర్వాలేదు, మీరు చేసి చూపిస్తే చూసి చేయగలిగితే చాలు. అద్దంలో చెయ్యి స్పష్టంగా కనబడాలి. కళ్లజోడు ఉంటే పెట్టుకోవాల్సిందే. పక్షవాతంతో చూపులో ఒక సగం పోయినవాళ్లకు అద్దాన్ని ఎక్కడ పెడితే కనబడుతుందో థెరపిస్టు చూసి చెప్పాలి. బాగున్న చెయ్యి నిజంగా బాగుండాలి. దానికి భుజం నొప్పో, మణికట్టు నొప్పో ఉంటే అరగంట వ్యాయామం దాన్ని పాడుచేస్తుంది.

మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరు ఎడమవైపు ఒక లోకం ఉందన్న సంగతే మరిచిపోతారు. ఎడమనుంచి పిలిస్తే పలకరు. అలాంటివాళ్లు అద్దంలోకి తల తిప్పి చూడగలరో లేదో ముందు చూసుకోండి. ఒక నిమిషం కూడా చూపు నిలపలేకపోతే ప్రస్తుతానికి ఆగండి.

అద్దం, బల్ల, కుర్చీ

అద్దం పెద్దదిగా ఉండాలి. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే వేళ్ల నుంచి మోచెయ్యి దాకా కనబడుతుంది. ముఖం చూసుకునే చిన్న అద్దంలో చెయ్యి ముక్కలు ముక్కలుగా కనబడుతుంది, కొంచెం జరిగితే మాయమవుతుంది. 2019లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్‌లో (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టే పరిశీలన) కూడా పెద్ద అద్దం వాడిన అధ్యయనాల్లోనే ఫలితం బాగుంది.

గాజు అద్దం కన్నా అక్రిలిక్ అద్దం నయం. తేలిగ్గా ఉంటుంది, పడితే పగిలి గుచ్చుకోదు. అయితే పలచటి అక్రిలిక్ వంగి, చెయ్యి సాగినట్టు చూపిస్తుంది. గట్టి అట్టకో చెక్కకో అతికించి వాడండి. గాజుదే ఉంటే అంచులకు చుట్టూ మందంగా టేప్ వేయండి. స్పర్శ తెలియని చెయ్యి పదునైన అంచుకి రాసుకున్నా పేషెంటుకి తెలియదు. అద్దం నిలువుగా, కదలకుండా నిలబడాలి. రెండువైపులా పుస్తకాల దొంతరలు ఆనించినా సరే, స్టాండు చేయించినా సరే. కొందరు అట్టపెట్టె ఒక పక్కన అద్దం అతికించి, పడిపోయిన చేతిని ఆ పెట్టెలో ఉంచుతారు. చెయ్యి పూర్తిగా దాగుతుంది కాబట్టి అదీ మంచి ఏర్పాటే.

పేషెంటు రెండు పాదాలూ నేలకు ఆనాలి. వీపుకు ఆసరా ఉండాలి. బల్ల ఎత్తు మోచెయ్యి ఎత్తుకి సరిపోవాలి. ఎక్కువైతే భుజాలు చెవులదాకా లేస్తాయి, తక్కువైతే మనిషి ముందుకు వంగిపోతాడు. పడిపోయిన చేతిని బల్ల మీదికి తెచ్చేటప్పుడు వేళ్లు పట్టుకునో, చంక కింద చెయ్యి వేసో లాగకండి. పక్షవాతం వచ్చిన భుజం కీలు వదులుగా ఉంటుంది, ఒక్క లాగుడుకే నెలల తరబడి నొప్పి అంటుకుంటుంది. మీ ఒక అరచెయ్యి మోచేతి కింద, ఇంకోటి మణికట్టు కింద పెట్టి, మొత్తం బరువు మీరే మోస్తూ బల్ల మీద ఉంచండి. కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి.

అద్దాన్ని ఛాతీకి సరిగ్గా మధ్యలో, శరీరాన్ని కుడి ఎడమలుగా విడదీసే గోడలా నిలబెట్టండి. మెరిసే వైపు బాగున్న చేతికి ఎదురుగా ఉండాలి. పడిపోయింది ఎడమ చెయ్యి అనుకుంటే అది అద్దం వెనక ఉంటుంది, కుడి చెయ్యి అద్దం ముందు ఉంటుంది. పేషెంటు తలను కొంచెం కుడికి వంచి అద్దంలోకి చూస్తే, ఎడమ చెయ్యి ఉండాల్సిన చోటే ఒక ఎడమ చెయ్యి కనబడుతుంది. రెండు చేతులూ అద్దానికి ఒకే దూరంలో, ఒకే భంగిమలో ఉండాలి. దాగిన చెయ్యి వేలికొస కూడా బయటికి కనబడకూడదు.

ఇక చిన్న విషయాలు. వాచీ, ఉంగరాలు, గాజులు రెండు చేతులకూ తీసేయించండి. ఉంగరం రాకపోతే దాని మీద చర్మం రంగు టేప్ చుట్టండి. పచ్చబొట్టో పెద్ద పుట్టుమచ్చో ఉంటే కప్పండి. చొక్కా చేతులు రెండూ ఒకే ఎత్తుకి మడవండి. "నా ఎడమ చేతికి ఉంగరం లేదే" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చిందంటే, ఆ పూట అద్దంలోది తన చెయ్యేనని నమ్మడం కష్టం. బాగున్న చెయ్యి వైపు బల్ల ఖాళీగా ఉంచండి. అక్కడ ఉన్న మందుల డబ్బా, ఫోను, అన్నీ అద్దంలోకి వచ్చి కూర్చుంటాయి. టీవీ ఆపేయండి. గదిలో మీరిద్దరే ఉంటే ఇంకా మంచిది.

మొదటి రోజు: ఏమీ చేయించకండి

తొందరపడి పాడుచేసుకునేది ఈ రోజునే. మొదటి కూర్చోబెట్టుడులో చివర్న ఒక్క వేలు కదపడం తప్ప కదలికలు వద్దు. పడిపోయిన చెయ్యి ఏ భంగిమలో ఉందో బాగున్న చేతిని అదే భంగిమలో పెట్టించండి. అది కొంచెం ముడుచుకుని ఉంటే ఇదీ అలాగే ముడుచుకోవాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు ఊరికే చూడమనండి.

ఆ తర్వాత మెల్లగా అడగండి: "ఆ అద్దంలో ఉన్నది మీ ఎడమ చెయ్యిలా అనిపిస్తోందా?" వెంటనే అవునన్నవాళ్లున్నారు. నవ్వేవాళ్లున్నారు. కన్నీళ్లు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, పక్షవాతం తర్వాత ఏడుపు తొందరగా వస్తుంది కూడా. "అదెలా అవుతుంది, అది నా కుడి చెయ్యే" అని కచ్చితంగా చెప్పేవాళ్లతో వాదించకండి. తెలియడం వేరు, అనిపించడం వేరు. అది కుడి చెయ్యి అని తెలిసినా నష్టం లేదు. చూస్తూ ఉండగా, "ఎడమ చెయ్యి అనుకుని చూడండి" అంటే చాలు.

బాగున్న చేతి మీద చూపుడువేలు ఒక్కదాన్నే చాలా నెమ్మదిగా లేపి దించమనండి, ఐదారుసార్లు. ఆ సమయంలో మీరు చూడాల్సింది చేతిని కాదు, పేషెంటు కళ్లను. చూపు అద్దంలో ఉందా, బాగున్న చేతి మీదికి జారుతోందా? దాదాపు అందరికీ జారుతుంది. జారినప్పుడల్లా "అద్దంలోకి" అని ఒక్క మాట చాలు. ప్రతిబింబం కనబడుతూనే చెయ్యి మాత్రం కనబడకూడదంటే, బాగున్న చేతి మీద అడ్డంగా ఒక అట్ట ఎత్తుగా ఉంచవచ్చు. చూపు మరీ నిలవనివాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

పది నిమిషాలతో ఆ రోజు ఆపేయండి.

రోజువారీ సాధన

అధ్యయనాల్లో సగటున వాడిన మోతాదు రోజుకి 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు. అక్కణ్ణుంచే మొదలుపెట్టండి, కానీ ఒకేసారి ముప్ఫై నిమిషాలు కూర్చోబెట్టొద్దు. మొదటి వారం పొద్దున పది, సాయంత్రం పది. మనసు నిలుస్తున్నకొద్దీ పదిహేను చొప్పున పెంచండి. మనిషి అలసిపోయి ఉన్న వేళ, నిద్ర వేళ వద్దు. ఆరు నిమిషాలకే చూపు చెదిరిపోతుంటే ఆరు నిమిషాలే చేయించండి. చూపు లేని ఇరవై నిమిషాలకన్నా అదే ఎక్కువ.

కదలికలు ఈ వరసలో తీసుకోండి. ఒక్కొక్కటి 15 నుంచి 20 సార్లు. ఒక్కసారికి నాలుగైదు సెకన్లు పట్టాలి.

1. అరచెయ్యి కిందికి ఉంచి, మెల్లగా తిప్పి పైకి తేవడం, మళ్లీ కిందికి.
2. ముంజెయ్యి బల్లకి ఆనించి ఉంచి, మణికట్టు దగ్గర్నుంచి చేతిని పైకి లేపి దించడం.
3. పిడికిలి మూసి, పూర్తిగా తెరవడం. తెరిచినప్పుడు రెండు సెకన్లు ఆగాలి.
4. వేళ్లు విప్పార్చి దగ్గరికి చేర్చడం.
5. ఒక్కొక్క వేలినీ బల్ల మీంచి లేపడం.
6. బొటనవేలిని వరసగా నాలుగు వేళ్ల కొసలకూ తాకించడం.

ఆరూ రోజూ చేయాలని లేదు. రోజుకి మూడు చాలు. పక్షవాతం చెయ్యికి మూయడం ముందొస్తుంది, తెరవడం కష్టంగా వస్తుంది. అందుకని తెరిచే కదలికలకు, మణికట్టు పైకి లేపే కదలికకు ఎక్కువ సమయం ఇవ్వండి. నేనైతే రెండూ మూడూ ఏ రోజూ వదలను, మిగతావాటిలోంచి రోజుకొకటి కలుపుతాను.

వేగం గురించి ఎంత చెప్పినా తక్కువే. బాగున్న చెయ్యి చకచకా పనిచేస్తుంది, అది దాని సహజం. అద్దంలో అంత చురుగ్గా కదిలే చేతిని చూస్తే "ఇది నాది కాదు" అని మనసు పక్కకి తప్పుకుంటుంది. ఒకవేళ పడిపోయిన చెయ్యే కదలడం మొదలుపెడితే ఎలా కదులుతుంది? బరువుగా, ఆగి ఆగి. ఆ తీరులో కదిలించమనండి. లెక్క మీరే పెట్టండి, అదీ మనసులోనే. పక్కనుంచి "ఒకటి, రెండు, ఇంకా గట్టిగా, శభాష్" అని అరుస్తుంటే చూపు మీ వైపు తిరుగుతుంది. "తెరవండి... మూయండి..." అన్న రెండు మాటలు, అంతే మెల్లటి గొంతుతో. ఒక్కో కదలిక అయ్యాక అరనిమిషం అద్దం నుంచి కళ్లు తిప్పి విశ్రాంతి తీసుకోనివ్వండి.

స్పాంజి నొక్కడం, కప్పు ఎత్తడం, నాణేలు ఏరడం లాంటివి అద్దం ముందు చేయించాలని అందరికీ ఆత్రంగా ఉంటుంది. అవి "అసలైన పనులు"లా అనిపిస్తాయి. ఇందాక చెప్పిన 2019 మెటా అనాలిసిస్‌లో తేలింది దీనికి వ్యతిరేకం: వస్తువులు లేకుండా ఉత్త కదలికలు చేయించిన అధ్యయనాల్లోనే ఫలితం ఎక్కువ. చేతిలో వస్తువు ఉంటే చూపు వస్తువు మీదికి పోతుంది, చెయ్యి వెనకబడుతుంది. అద్దం వెనకనున్న చెయ్యికి ఆ వస్తువు తగలడం లేదన్న తేడా కూడా తెలిసిపోతుందేమో. కనీసం మొదటి రెండు వారాలు వస్తువుల జోలికి పోవద్దు.

దాగిన చెయ్యి ఏం చేయాలి

దీనికి మూడు దారులున్నాయి, అందరికీ ఒకటే చెప్పకూడదు. మొదటిది, పడిపోయిన చెయ్యి ఊరికే పడుకుని ఉంటుంది, మనసులో మాత్రం "రెండూ కలిసి తెరుస్తున్నాను" అనుకోవాలి. రెండోది, వచ్చినంత మేరకు దాన్నీ కదిలించే ప్రయత్నం చేయాలి. మూడోది, మీరు అద్దం వెనక కూర్చుని ఆ చేతిని బాగున్న చేతితో సమానంగా కదిలిస్తారు.

కదలిక బొత్తిగా లేనివాళ్లకు మొదటిదే మేలు. బాగున్న చెయ్యి ఒక్కటే కదిలించిన అధ్యయనాల్లో, రెండూ కదిలించినవాటికన్నా మంచి ఫలితం కనిపించింది. కొంచెం కదలిక ఉన్నవాళ్లు రెండో దారిలో ప్రయత్నించొచ్చు. అయితే ఒక చిక్కుంది. అద్దంలో చెయ్యి పూర్తిగా తెరుచుకుంటుంది, వెనక అసలు చెయ్యి సగంలో ఆగిపోతుంది. ఆ తేడా లోపల్నుంచి తెలుస్తుంది. దాంతో ఇందాకటి నమ్మకం చెడుతుంది. అలా అయితే బాగున్న చేతిని కూడా సగమే తెరవమనండి. రెండూ సమానమైతే గొడవ లేదు.

ఇంకో సంగతి కనిపెట్టండి. గట్టిగా ప్రయత్నించే కొద్దీ మోచెయ్యి ముడుచుకుంటూ, వేళ్లు బిగుసుకుంటూ ఉంటే ఆ ప్రయత్నం మేలు చేయడం లేదు. ఆపించి మొదటి దారికి రండి. మూడో దారిలో మీ చేతులు బాగున్న చెయ్యి లయను కచ్చితంగా అనుసరించాలి. అర సెకను వెనకబడినా తెలిసిపోతుంది. అది థెరపిస్టు దగ్గర నేర్చుకున్నాక చేయండి.

స్పర్శ తగ్గినవాళ్లకు చివరి రెండు నిమిషాలు దూదితోనో మెత్తటి కుంచెతోనో ఒక చిన్న ప్రయోగం చేయొచ్చు. బాగున్న చేతి వేలి మీద మెల్లగా రాస్తూ, అదే క్షణంలో అద్దం వెనకున్న చేతికి అదే వేలి మీద రాయండి. పేషెంటు చూపు అద్దంలోనే ఉండాలి. తర్వాత గరుకు గుడ్డతో, చల్లని చెంచాతో కూడా చేయండి. పక్షవాతం తర్వాత చెయ్యి వాచి, ముట్టుకుంటేనే మండిపోయే బాధ కొందరికి వస్తుంది. వాళ్లకు ఆ చేతిని ముట్టుకోకుండా ఉత్త చూపుతోనే మొదలుపెట్టాలి. అలాంటి నొప్పి తగ్గించడంలో కూడా అద్దం పనికొస్తుందని అధ్యయనాలు చెప్తున్నాయి, కానీ అది డాక్టరు చూడకుండా ఇంట్లో మొదలుపెట్టే పని కాదు.

అద్దం తీశాక

అద్దంతో వచ్చిన లాభం ఆరు నెలలకు నిలబడలేదన్న అధ్యయనం గుర్తుందా? దాంట్లోంచి నేను తీసుకునే పాఠం ఇది: అద్దం తలుపు తెరుస్తుందే కానీ లోపలికి నడవాల్సింది చెయ్యే. వాడని చేతిని మెదడు మళ్లీ పక్కన పెట్టేస్తుంది.

అందుకని అద్దం పక్కకి తీసిన వెంటనే పది నిమిషాలు పడిపోయిన చేతికే పని పెట్టండి. బొత్తిగా కదలని చేతికైనా పని ఉంటుంది. రెండు చేతుల వేళ్లూ పెనవేసి ఒక గుడ్డతో బల్ల తుడవడం, బాగున్న చెయ్యి రాస్తుంటే పడిపోయిన చెయ్యి బరువుతో కాగితం జరగకుండా పట్టడం లాంటివి. పట్టు కొంచెం ఉంటే సీసాను ఆ చేతితో పట్టుకుని మూత బాగున్న చేతితో తిప్పడం. విడవడం కూడా వస్తే, స్పాంజి ముక్కలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం. ఆ రోజు అద్దంలో ఏ కదలిక చేశారో దానికి దగ్గరి పనే ఎంచుకోండి. మణికట్టు లేపడం చేసిన పూట, మణికట్టు లేస్తేనే అయ్యే పని.

ఆపాల్సిన సందర్భాలు

తల తిరగడం, వికారం, చెమట పట్టడం కొందరికి మొదటి రోజుల్లో వస్తాయి. కన్ను ఒకటి చెప్తూ ఒళ్లు ఇంకోటి చెప్తుంటే అలా అవుతుంది. వెంటనే అద్దం నుంచి చూపు తిప్పి, బాగున్న చేతినే నేరుగా చూడమనండి. తగ్గాక, మర్నాడు రెండు నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. మూడు నాలుగు రోజులైనా అలాగే ఉంటే ఇది వాళ్లకు పడదు.

భుజంలో నొప్పి పెరిగినా, చెయ్యి వాచినా, బిగుసుకుపోవడం ముందుకన్నా ఎక్కువైనా ఆపి థెరపిస్టుకి చూపించండి. సాధన మధ్యలో గానీ, ఎప్పుడు గానీ మూతి వంకర పోవడం, మాట తడబడటం, కొత్తగా ఇంకో చెయ్యో కాలో నీరసించడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి రావడం కనబడితే అది మళ్లీ స్ట్రోక్ కావచ్చు. అలసటేమోలే అని పడుకోబెట్టి చూడకండి. మొదలైన టైము గుర్తుపెట్టుకుని వెంటనే అత్యవసర చికిత్స ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.

మెరుగుదల లెక్క

రోజూ చూసేవాళ్లకు మార్పు కనబడదు. పేషెంటుకి అసలే కనబడదు. మొదటి రోజే ఫోనుతో ఒక నిమిషం వీడియో తీయండి: అద్దం లేకుండా, పడిపోయిన చేతితో పిడికిలి తెరవడం, మణికట్టు లేపడం, అరచెయ్యి తిప్పడం. ఫోను పెట్టిన చోటు గుర్తు పెట్టుకుని, వారానికొకసారి అదే రోజు, అదే వేళకి, అక్కణ్ణుంచే తీయండి. చెయ్యి తెరిచినప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎంత దూరం వచ్చిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. వస్తువులు పట్టే దశకి వచ్చినవాళ్లకు ఒక నిమిషంలో ఎన్ని చెక్క ముక్కలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వేయగలిగారో లెక్కపెట్టండి. థెరపిస్టులు వాడే పరీక్షా దాదాపు అలాంటిదే. ఈ కొలతలు రోజూ తీయకండి. చెయ్యి ఒక రోజు వదులుగా, ఒక రోజు బిగువుగా ఉండటం మామూలే, ఆ హెచ్చుతగ్గులు చూసి ఇద్దరికీ టెన్షన్.

నాలుగు వారాలు నిజాయితీగా చేశాక ఏ కొలతలోనూ మార్పు లేకపోతే వీడియోలు తీసుకెళ్లి థెరపిస్టుకి చూపించండి. చేసే తీరులో తప్పుందా, ఈ దారి వదిలి ఇంకోటి పట్టాలా అన్నది వాళ్లు తేలుస్తారు. కొంచెమైనా మార్పుంటే ఇంకో నాలుగు వారాలు కొనసాగించండి.

అద్దాన్ని ఒకేసారి మానేయనక్కర్లేదు. ఒక కదలిక అద్దం లేకుండానే పదిసార్లలో ఏడెనిమిది సార్లు వస్తోందంటే దానికి ఇక అద్దం అవసరం తీరినట్టే. దాన్ని అద్దం సాధనలోంచి తీసేసి పనుల్లోకి మార్చండి, ఆ సమయం ఇంకా రాని కదలికకు ఇవ్వండి. మామూలుగా బొటనవేలు మిగతా వేళ్లను తాకే కదలిక చాలా ఆలస్యంగా వస్తుంది. చాలామంది అద్దం ముందు చివరిదాకా చేసేది అదొక్కటే.